అమ్మవారి మందు కోసం ముసునూరు దాకా

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, నూజివీడు మామిడితోటల మధ్య ఒక ఇంటి అరుగు మీద, నా భార్య అన్నగారు నా చేతిలో చెయ్యి వేసి ఒక మాట ఇచ్చాడు. "ఎనిమిది రోజులు నీ కూతురి చేతికి నీళ్ళు కూడా తగలనివ్వను బావా, నిశ్చింతగా వెళ్ళిరా" అన్నాడు. అంతకు ముందు రోజే మా సుభద్రకు మశూచి టీకా వేయించాను. అప్పుడు దానికి ఆరేళ్ళు. బడి తెరిచే రోజులు గనుక తల్లీకూతుళ్ళను అక్కడే ఉంచి, పంతులుగా నేను బెజవాడ రాక తప్పదు. టీకా పొంగి పక్కు కట్టేదాకా పిల్లను కదపవద్దని, ఆ చోట ఏ మందూ పూయవద్దని టీకాల ఉద్యోగి మరీ మరీ చెప్పాడు. మా బావ వైద్యుడు కాబట్టి ఆ మాట విలువ ఆయనకు తెలుస్తుందనుకున్నాను. రెండో రోజే, పిల్ల మంటగా ఉందని ఏడ్చిందట, వేపాకూ పసుపూ సున్నమూ నూరి సరిగ్గా ఆ గాటు మీదే పట్టు వేశాడు. సున్నం టీకా రసాన్ని చంపేసింది. ఎనిమిదో రోజున చూడవచ్చిన ఉద్యోగికి సున్నం కాల్చిన ఎర్రటి పుండు కనిపిస్తే, టీకా పొంగిందనే అనుకుని, పట్టినట్టు పుస్తకంలో రాసుకుపోయాడు.

మరుసటి వేసవిలో బెజవాడలో మా వీధికి మశూచి వచ్చింది. టీకా పట్టిన పిల్లే కదా అని మేము దాన్ని ఎక్కడికీ పంపలేదు, ఎవరింటికీ వెళ్ళవద్దనలేదు. దానికీ అది సోకింది; పదకొండో రోజున దాన్ని పోగొట్టుకున్న తర్వాత చెయ్యి తిప్పి చూస్తే, గుండ్రటి టీకా మచ్చ ఉండవలసిన చోట కాలిన మచ్చ ఉంది. అప్పుడు చెప్పింది నా భార్య, తన అన్న పట్టు వేసిన సంగతి. అంతకు ముందు చెప్పలేదు; చెప్పవలసినంత పెద్ద సంగతి అని ఆమెకు తెలియదు. మా బావ మాత్రం "అమ్మవారు తీసుకుపోయింది, మన చేతిలో ఏముంది" అని ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఉగాదికి ఒక ఉత్తరం వచ్చేది, ఒక్కదాంట్లోనూ ఆ పట్టు ప్రస్తావన లేదు. నేను ఆ ఊరు మళ్ళీ వెళ్ళలేదు. నా భార్య కూడా వెళ్ళలేదు. నిరుడు ఆమె పోయింది.

స్వరాజ్యం వచ్చి ఏడాది కూడా కాని ఈ చైత్రంలో బెజవాడలో మళ్ళీ మశూచి కనబడింది. మా పక్కింటి పోస్టుమాస్టరు గారు ఒకనాటి ఉదయం వచ్చి, "నూజివీడు దగ్గర ఎవరో వైద్యుడి మందు తాగితే అమ్మవారు రాదట, మనవలను తీసుకెళ్దామనుకుంటున్నాను. మీ అత్తవారి వైపేగా, కాస్త దారి చెబుదురూ" అన్నారు. ఊరూ ఇల్లూ ఆయన చెప్పగానే ఎవరో తెలిసిపోయింది. పెద్ద చదువులు చదివినవారు, ఇంగ్లీషు దినపత్రికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా వదలనివారు కూడా ఇలా అడుగుతుంటే నాకు ఒళ్ళు మండింది. ముందు నేను వెళ్ళి చూసివస్తాను, తర్వాత మీరు వెళ్ళండి అన్నాను. అది ఒక కారణం. రెండోది దాచను. "ఆ పట్టు నేనే వేశాను, నా వల్లే పోయింది" అన్న మాట మా బావ నోట, నలుగురి ఎదుట వినాలి. నాకు డెబ్భై దగ్గర పడుతున్నాయి, ఆయనకు దాటాయి. ఇప్పుడు వినకపోతే ఇక వినను.

వెళ్ళదలచినవారి కోసం ఈ పత్రికలో దారి వివరంగా రాస్తున్నాను. వైద్యుడు మందు ఇచ్చేది గురువారాలు, అదీ మధ్యాహ్నం భోజనాల తర్వాత. బెజవాడలో తెల్లవారుజామున రాజమండ్రి వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాలి. మూడో తరగతి టిక్కెట్టు నాకు పదణాలయింది. స్టేషను పేరు నూజివీడే గాని నూజివీడు అక్కడికి పదిమైళ్ళ పైన ఉంటుంది. స్టేషను ఉన్నది హనుమాన్ జంక్షన్‌లో. పేరు చూసి ఊరే వచ్చిందనుకుని సామానుతో దిగి అక్కడే బస అడిగిన వాళ్ళను ఆ ఉదయమే ఇద్దరిని చూశాను. జంక్షన్‌లో లారీల మధ్య బస్సు నిలబడి ఉంది. యుద్ధం ముగిసి ఇన్నాళ్ళయినా ఆ బస్సు ఇంకా బొగ్గుతోనే నడుస్తోంది. వెనక కట్టిన పొయ్యిలో బొగ్గు పోసి, చక్రం తిప్పి తిప్పి, అది రాజుకునేదాకా గంట కూర్చోబెట్టారు. "ఎప్పుడు కదులుతుందయ్యా?" అని అడిగితే కండక్టరు, "దానికి బుద్ధి పుట్టినప్పుడండీ" అన్నాడు. ఆరణాలు పుచ్చుకున్నాడు. బుద్ధి పుట్టాక మాత్రం గంటన్నరలో చేర్చింది.

దారి పొడుగునా రెండు వైపులా తోటలే. చైత్రంలో పూత రాలి, పిందె నిలిచి, కొన్ని చెట్లకు అప్పుడే కాయ ముదురుతున్నది. కాపలావాళ్ళు చెట్ల కింద నులకమంచాలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇంకో నెలన్నరకు వస్తే ఈ తోటల్లో రసాలు తినకుండా ఎవరూ వెనక్కి రారు. ఇప్పుడు మాత్రం ప్రతి తోట గుమ్మానికీ, ప్రతి ఊరి మొదటి ఇంటికీ వేపరొట్ట కట్టి ఉంది. పండగ తోరణం కాదది. లోపల మశూచి ఉంది, రావద్దని చెప్పే గుర్తు.

నూజివీడులో పూటకూళ్ళ ఇంట్లో పదిగంటలకే భోజనం దొరికింది, ఎనిమిదణాలు. వండి వడ్డించేది యాభై ఏళ్ళ విధవరాలు. పప్పు కలుపుకుంటే చప్పగా ఉంది. పచ్చడికీ పోపు లేదు. మజ్జిగపులుసుకూ లేదు.

"ఏమమ్మా, తాలింపు మరిచిపోయావా?" అన్నాను.

"మరిచిపోలేదండీ. మానేశాం. వీధిలో అమ్మవారున్నారు. నూనె చిటపట ఆవిడకి పడదు."

"తాలింపు మానితే మశూచి రాదని ఏ గ్రంథంలో ఉంది?"

"గ్రంథాల్లో ఏముందో నాకేం తెలుసండీ, పక్కింట్లో అయితే ఉంది" అని ఆమె మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

సంస్కృత వైద్య గ్రంథాలు కొన్ని, ఇంగ్లీషువి కొన్ని, కూతురు పోయిన తర్వాత ముప్ఫై ఏళ్ళు చదివినవాణ్ణి నేను. ఆమె ఒక్క అక్షరం చదవలేదు. భయం ఇద్దరికీ సమానంగానే ఉంది.

నూజివీడు నుంచి ముసునూరు దారిలో ఏడు మైళ్ళు ఒంటెద్దు బండిలో వెళ్ళాలి. రాకపోకలకు రెండున్నర రూపాయలు అడిగి, రెండుకు ఒప్పుకున్నాడు బండి తోలే యోహాను. నలభై ఏళ్ళవాడు, ఊరి బయట క్రైస్తవుల పేటలో కాపురం, నోరు ఊరుకోదు. ఊరు దాటగానే మొదలు పెట్టాడు.

"తమరూ అమ్మవారి మందుకేనా అండీ, మేష్టారూ?"

"నేను మేష్టర్నని ఎవరు చెప్పారు?"

"బండి ఎక్కగానే నన్ను సరిగ్గా కూర్చోమన్నారుగా. మందుకేనా?"

"ఈ వయసులో నాకెందుకోయ్ మందు?"

"అట్టా అనకండి. మొన్న డెబ్భై ఏళ్ళాయన్ని తీసుకెళ్ళా. మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడంట. మొహం మీద మచ్చలు పడితే పిల్ల ఒప్పుకోదేమోనని ఆయన బెంగ. తమరూ ఆ బాపతేమో అనుకున్నా."

చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. వైద్యుడు ఎలాంటివాడని అడిగాను.

"మంచోడో కాదో తెలీదండీ, మొండోడు మాత్రం. ముందు చెయ్యి చూపించమంటాడు. టీకా మచ్చ ఉంటేనే మందు. లేదనుకోండి, గురువారం గురువారం టీకాలాయన్ని పిలిపించి అరుగు మీదే కూర్చోబెడతాడు, అక్కడే గీయించుకోవాల. మాకైతే మిషనాసుపత్రి నర్సమ్మ చిన్నప్పుడే గీసేసింది, ఇదిగో చూడండి." పగ్గం వదిలేసి భుజం చూపించాడు. ఎద్దు తన దారిన తాను పోతోంది.

"వద్దన్నవాళ్ళు?"

"వాళ్ళు తిట్టుకుంటా నా బండిలోనే ఆ పక్క ఊరు పోతారండీ. ఆడ ఇంకో వైద్యుడున్నాడు. ఆయన ఏమీ అడగడు. పసరు పోస్తాడు, పట్టు రాస్తాడు, పొమ్మంటాడు. నాకు ఇంకో అర్ధరూపాయి."

మోసగాడిని పట్టుకోబోతున్నానని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. యోహాను చెప్పినది ఆ మాటల్లో ఎక్కడా ఇమడలేదు.

రెండు గంటల వేళకు చేరాం. ముసునూరు ఇంకా ముందుకుంది, ఈ ఇల్లు తోట మధ్య ఒంటరిగా ఉంటుంది. ఒక మామిడి మొదలుకు తిప్పతీగ పాకించి ఉంది. వాకిట్లో చాపల మీద వేపచిగురు ఎండుతోంది, నేలవేము కట్టలు వాసానికి వేలాడుతున్నాయి. ఆ చేదు వాసన గుప్పుమంది. అరుగు మీద పదిమంది ఉన్నారు. ఒక మూల సర్కారు టీకాల ఉద్యోగి రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. మధ్యలో పీట మీద మా బావ. బాగా ఎండిపోయాడు, చూపు మందగించినట్టుంది, నేను మెట్టు ఎక్కేదాకా పోల్చుకోలేదు.

"బావా" అన్నాడు. లేవబోయాడు.

"నీ పని చూసుకో. కూర్చుంటాను" అన్నాను.

నా భార్య పోయినప్పుడు ఆయన రాలేదు, నేను కబురు చేయలేదు. ఆ మాటలేవీ ఎత్తలేదు. లోపలి నుంచి ఎవరో చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టారు. దాహంగానే ఉంది, కాని ముట్టుకోలేదు.

అప్పుడు వంతు వచ్చినది నూజివీడులో మామిడికాయల వర్తకం చేసే ఇంటివాళ్ళకు. అత్తగారు రత్నమ్మ గారు, ఆమె కోడలు, కోడలి ఒళ్ళో ఎనిమిది నెలల మగపిల్లవాడు. వాళ్ళ వీధిలో నాలుగిళ్ళలో మశూచి ఉందట.

"చేతులు చూపించండి" అన్నాడు మా బావ.

"నా చెయ్యి చూసి ఏం చేస్తారు, గాజులు తొడుగుతారా?" అంది రత్నమ్మ గారు. అరుగంతా నవ్వింది. నవ్వుతూనే రవిక చేతిని పైకి జరిపింది. మచ్చ ఉంది. కోడలికీ ఉంది. పిల్లవాడికి లేదు.

"బాబుకి టీకా వేయించండి. తర్వాతే మందు."

"మేం వచ్చింది మందుకండీ. తేనెలో కాస్త రంగరించి నాకిస్తే పోతాం. ఆవిడ రాకముందే సూది పట్టుకుంటే అమ్మవారికి కోపం రాదా?"

"మీకు వేయించినప్పుడు వచ్చిందా?"

"నాకు మా నాన్న వేయించాడు. ఆయనంటే అందరికీ హడల్. అమ్మవారు కూడా జడిసి ఉంటుంది." మళ్ళీ నవ్వులు. ఈసారి ఆమె నవ్వలేదు. "వీడు పదేళ్ళకి పుట్టాడండీ. ఒక్కడే. ఒంటి మీద గాటు పడనివ్వను. మీరు ఇవ్వనంటే పక్క ఊరు పోతాం, అక్కడ ఈ గొడవలేమీ లేవంట. బండి కూడా విప్పలేదు."

ఆమె నిజంగానే లేచింది. కోడలు మాత్రం కదల్లేదు, పిల్లవాడి చేతిని చూస్తూ కూర్చుంది.

"పోదురుగాని. ఒక్క మాట విని పోండి" అన్నాడు మా బావ. "ఒక ఆరేళ్ళ పిల్లకి టీకా వేయించారమ్మా. దాని తండ్రి ఊరెళుతూ, ఎనిమిది రోజులు ఏమీ పూయవద్దని ఒక వైద్యుడికి అప్పగించాడు. రెండో రోజు చెయ్యి మండుతోందని పిల్ల ఏడ్చింది. ఆ వైద్యుడు చూడలేకపోయాడు. వేపాకూ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశాడు. చల్లగా ఉందని నవ్విందట ఆ పిల్ల. ఆ పట్టుతో టీకా చచ్చిపోయింది. ఏడాది తిరక్కుండా పిల్ల పోయింది. నేలవేము తాగించినా పోయేదే, తిప్పతీగ తాగించినా పోయేదే. నేనిచ్చే మందు నోటికి చేదు, ఒంటికి కాస్త బలం. అమ్మవారిని ఆపేది అది కాదు. ఆపేది ఆయన పెట్టెలో ఉంది" అని మూలనున్న ఉద్యోగిని చూపించాడు.

తన చేతులతో చేసిన పనిని ఎవరో చెప్పగా విన్నట్టు చెప్పాడు. చల్లగా ఉందని సుభద్ర నవ్విన సంగతి నాకు అంతవరకూ తెలియదు. అరుగు పలక అంచు పట్టుకుని కూర్చున్నాను. అక్కడున్న పదిమంది ముందూ లేచి, ఆ వైద్యుడు ఎవరో చెప్పు అని అడగడానికి నోరు తెరిచాను కూడా. అంతలో కోడలు మొదటిసారి మాట్లాడింది.

"వేయిద్దాం అత్తయ్యా."

రత్నమ్మ గారు ఆమె వంక చూసింది, పిల్లవాడి వంక చూసింది, మళ్ళీ చతికిలబడింది. ఉద్యోగి లేచి, పెట్టె తెరిచి, పసివాడి భుజం మీద ఒక చుక్క వేసి, చిన్న ఇనుప పరికరంతో రెండుచోట్ల గీరాడు. పిల్లవాడు ఊపిరి బిగబట్టి, తర్వాత తోటంతా వినబడేలా ఏడుపు అందుకున్నాడు. మా బావ వాళ్ళకు మందు తేవడానికి లోపలికి వెళ్ళాడు. ఉద్యోగి అటు తిరిగి పెట్టె సర్దుకుంటున్నాడు. అప్పుడు రత్నమ్మ గారు ఆకువక్కల సంచిలోంచి సున్నపు కాయ, తాంబూలానికి సున్నం పెట్టుకునే చిన్న డబ్బీ, తీసింది. "ఓర్నాయనో, నా బంగారు తండ్రీ, అయిపోయిందయ్యా, మంట లాగేస్తుంది, ఇప్పుడే లాగేస్తుంది" అంటూ చూపుడు వేలికి సున్నం తీసుకుని, ఇంకా తడిగా ఉన్న ఆ గాటు మీదకు వంగింది. ఇప్పుడే విన్న కథ ఆమె మరిచిపోలేదు. బిడ్డ ఏడుస్తుంటే ఆ చెయ్యి ఆగలేదు, అంతే.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏంటండీ ఇది! ఎవరు మీరు? పరాయి ఆడదాని చెయ్యి పట్టుకుంటారేంటి?"

"ఆ పిల్ల నా కూతురమ్మా" అన్నాను.

నేను చెయ్యి వదిలాను. ఆమె వేలి మీది సున్నాన్ని తీసుకెళ్ళి స్తంభానికి రాసింది. పక్కన నిలబడి, చాలా మెల్లగా, "తప్పయిపోయిందండీ" అంది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది: "ఆ వైద్యుడు ఎవరండీ?"

మా బావ మందు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్న విన్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను ఆయన్ను చూస్తున్నాను. నేను ముప్ఫై ఏళ్ళు కోరుకున్నది ఆ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. కాని అరుగు మీద ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో ముగ్గురి ఒళ్ళో చంటిపిల్లలు. బయట యోహాను బండితో పాటు మరో రెండు బండ్లు ఎడ్లు విప్పకుండానే ఉన్నాయి. పక్క ఊరు రెండు మైళ్ళు.

నేను చెప్పలేదు. ఆయనే చెప్పాలని చూశాను.

"ఊరు వదిలి పోయాడమ్మా" అన్నాడు మా బావ.

కోడలు అత్తగారి చేతిలోని సున్నపు కాయ తీసుకుని తన కొంగున ముడి వేసుకుంది. "ఎనిమిది రోజులు ఇది నా దగ్గరుంటుందత్తయ్యా."

"మరి నా తాంబూలమో?"

"నేనే చుట్టిస్తాను. ఎన్నిసార్లయినా."

"మా నాన్న కన్నా హడలు నువ్వు" అంది రత్నమ్మ గారు. ఎవరూ నవ్వలేదు గాని అందరూ తేలికపడ్డారు. తర్వాతి వంతు వాళ్ళు అడగకుండానే పిల్లల చొక్కాలు విప్పారు.

పొద్దు వాలేసరికి జనం వెళ్ళిపోయారు. మా బావ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పేస్తావనుకున్నాను" అన్నాడు.

"నువ్వు చెబుతావనుకున్నాను."

"చెబితే రేపటి నుంచి ఈ అరుగు ఎవరెక్కుతారు బావా? ఎక్కకపోతే వాళ్ళ పిల్లలకు టీకా లేదు. నీకు తెలియందా? ఆ పిల్ల పోయాక నాలుగేళ్ళు నేను మందు మానేశాను. జనం ఆ పక్క ఊరు పోయారు. మళ్ళీ మొదలు పెట్టింది అందుకే."

"నాకెందుకు రాయలేదు ఇది? ఇన్ని ఉత్తరాలు రాశావు."

"రాశాను. ప్రతిసారీ చింపేశాను" అన్నాడు. తర్వాత, "ఏడుస్తుంటే చూడలేకపోయాను బావా. నా మేనకోడలు కదా" అన్నాడు.

"ఏడవనివ్వవలసింది" అన్నాను.

భోజనానికి ఉండమన్నాడు. ఉండలేదు. తోట బయట మోట బావి దగ్గర యోహాను చేత చేద తోడించుకుని నీళ్ళు తాగాను. వెనక్కి వచ్చేటప్పుడు అతను, "తమరు చుట్టాలంటండీ?" అని ఒకసారి అడిగాడు. "ఒకప్పుడు" అన్నాను. దీపాల వేళకు నూజివీడు చేరాం. సత్రంలో గది దొరికింది, మర్నాడు బొగ్గు బస్సులో జంక్షన్‌కు వచ్చి రైలెక్కాను.

ఇంటికి వచ్చి వారమైంది. పోస్టుమాస్టరు గారికి ఏం చెప్పాలో తేల్చుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది. వేప, తిప్పతీగ, నేలవేము, తులసి వీటి గురించి నాకు దొరికినదంతా చదివాను. జ్వరానికీ నీరసానికీ కొన్ని పనికివస్తాయని పెద్దలు రాశారు, నమ్మవచ్చు. మశూచిని రాకుండా ఆపుతుందని నమ్మదగిన ఆధారం ఒక్క ఆకుకూ నాకు కనబడలేదు. ఆ అరుగు మీద కూర్చున్న వైద్యుడు కూడా అదే చెబుతున్నాడు, నాకంటే బాగా చెబుతున్నాడు. ఆయన మాట విని టీకా వేయించుకున్న పిల్లలు నూజివీడు చుట్టూ ఎందరో బతికే ఉన్నారు. అది కాదనను. నా చేతనైన పని కాదది. నేను ముప్ఫై ఏళ్ళు పుస్తకాలు చదువుతూ కూర్చున్నాను. మనిషి మారితే పాత లెక్క చెరిగిపోతుందని చెప్పేవాళ్ళు నాకు చాలామంది ఎదురయ్యారు. వాళ్ళెవరూ ఆరేళ్ళ పిల్ల చెయ్యి తిప్పి చూసినవాళ్ళు కారు.

వెళ్ళదలచినవారికి నా సలహా ఒక్కటే. మీ ఊళ్ళోనే, మీ మునిసిపాలిటీ టీకాల ఉద్యోగి చేతనే ముందు టీకా వేయించండి. పక్కు దానంతట అది రాలేదాకా ఆ చోట ఆకు గాని, పసుపు గాని, బూడిద గాని, సున్నం గాని తగలనివ్వవద్దు. పిల్ల ఎంత ఏడ్చినా సరే. ఆ తర్వాత ముసునూరు దారికి వెళతారో మానతారో మీ ఇష్టం. నన్నడిగితే వైశాఖం దాకా ఆగి, రసాలు తినడానికి వెళ్ళండి.

ఆ రోజు అరుగు మీద నేను నోరు మూసుకున్నది ఆ చంటిపిల్లల కోసం, ఆయన కోసం కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆ అరుగు ఎక్కేవాళ్ళు ఈ పత్రిక చదవరు, కాబట్టి ఇక్కడ చెబితే వాళ్ళకు వచ్చే నష్టం లేదు. రత్నమ్మ గారు నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి ఆమె విన్న జవాబు అబద్ధం. ఆ వైద్యుడు ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. మాట ఇచ్చి రెండో రోజుకే తప్పినవాడు, నేను ఈనాటికీ క్షమించనివాడు, నా భార్య అన్న పురుషోత్తమయ్య.